మిలుతిన్ ముక్కు, ఆరిళ్ళ మాంసం

జ్లాతిబోర్ కొండ మీద మా ఊళ్ళో పొగగది అంటే మిలుతిన్‌దే. ఇంటి వెనక ఏటవాలులో, గాలి ఆడేలా సందులు వదిలి కొట్టిన పలకల గది. చలికాలం రాగానే ఆరిళ్ళవాళ్ళు ఉప్పు పట్టించిన పంది తొడలు తెచ్చి, పొగకు ఆరేలా అందులో వేలాడదీస్తారు. నలభై ఏళ్ళుగా మంట చూసేది అతనే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మొదటి రెండేళ్ళు సొంత మాంసం పాడుచేసుకుని నేర్చుకున్నాడు.

కట్టె మండుతోందా, రగులుతోందా, కొవ్వుకి సెగ తగిలిందా అన్నది వాకిట్లో మంచు ఎత్తుతూనే వాసనను బట్టి చెప్పేవాడు. ఈసారి క్రిస్మస్ ముందు జ్వరం వచ్చి తగ్గాక చూసుకుంటే ముక్కు పనిచేయడం లేదు. కాఫీ వాసన లేదు, రకియా సారా వాసన లేదు. రేపోమాపో వస్తుందిలే అనుకుని భార్య స్తనోయ్కాకి కూడా చెప్పలేదు. అప్పటికే పదకొండు తొడలు లోపల వేలాడుతున్నాయి.

జనవరి చివర చలి విరుచుకుపడింది. బకెట్లో నీళ్ళు అడుగుదాకా గడ్డకట్టాయి. మాంసం అలా బిగుసుకుపోతే పొగ పట్టదు. అప్పుడు ఎవరికైనా మంట పెంచాలనే తోస్తుంది. కానీ సెగ తగిలితే పైపొర గట్టిపడి, లోపలి తడి ఎముక దగ్గర నిలిచి కుళ్ళుతుంది. ఈ సంగతి ఊరందరికీ చెప్పినవాడు మిలుతినే. అయినా మూడు రోజులపాటు ఓక్ దుంగలు రెండేసి ఎక్కువ పెట్టాడు. కొంచెం పెంచి, కొవ్వు వాసన రాగానే తగ్గించడం అతని అలవాటు. ఆ వాసన ఇక తనకు రాదన్న సంగతి చెయ్యి మరిచిపోయింది.

మూడో మధ్యాహ్నం లోపలికెళ్ళి ఒక తొడను వేలితో తట్టాడు. చెక్కను తట్టినట్టు మోగింది. అంచుల్లో కొవ్వు కరిగి, కారి, గడ్డకట్టి ఉంది. గబగబా మంట మీద బూడిద కప్పాడు. పైపొర మెత్తబడుతుందేమోనని తొడలన్నిటినీ తడిగుడ్డల్లో చుట్టి నేలమాళిగలో వేలాడదీశాడు. వారం తర్వాత మళ్ళీ సన్నని పొగలోకి మార్చాడు. ఎందుకిదంతా అని స్తనోయ్కా అడిగితే చలి ఎక్కువైందన్నాడు. రోజుకు నాలుగుసార్లు ఎవరూ చూడకుండా వెళ్ళి తొడకు ముక్కు ఆనించి పీల్చేవాడు. ఏమీ తెలిసేది కాదు. అన్నీ కుళ్ళాయేమో, ఒక్కటీ కుళ్ళలేదేమో.

మా దగ్గర ఫిబ్రవరి ఆఖర్న సూది పరీక్ష. ఎముకతో చేసిన సూదిని కీలు పక్కన గుచ్చి తీసి వాసన చూడాలి. మిలుతిన్ తల ఊపితే మాంసం మంచిదన్నట్టే, ఇంకెవరూ చూడరు. ఆ ఉదయం ఆరిళ్ళవాళ్ళూ మంచులో నిలబడ్డారు. ముందు పక్కింటి రదిసావ్ తొడ.

"నా పంది నాకంటే బాగా తిన్నది మిలుతిన్ అన్నా. దాని పరువు కాస్త చూడు" అన్నాడు రదిసావ్.

మిలుతిన్ సూది గుచ్చి, తీసి, ముక్కు కింద పెట్టుకున్నాడు. ఒక్కసారి తల ఊపితే ఈ పూట గడిచిపోతుంది. ఆ మాంసం తిని వేసవిలో ఏ పసిబిడ్డో మంచాన పడితే?

"ఏంటన్నా, సూది మీదే కునుకు తీశావా?"

మిలుతిన్ సూదిని భార్యకు అందించాడు.

"నువ్వు చూడవే. క్రిస్మస్ నుంచి నాకు వాసన తెలియడం లేదు. చలికి మంట కూడా పెంచేశాను."

స్తనోయ్కా అతని ముఖంలోకి చూసింది.

"రెండు నెలలుగా మాడిన పులుసు పోసినా నోరెత్తకపోతే, ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందనుకున్నా" అంది. తర్వాత సూది వాసన చూసి, బాగుందని తల ఊపింది.

ఒక్కో తొడ దగ్గరా అతను గుచ్చడం, ఆమె చూడడం. ఐదోది పుల్లటి వాసన వేసింది. అది మిలుతిన్ వాళ్ళదే. తొమ్మిదోది అంతకంటే ఘోరం. అది రదిసావ్ రెండో తొడ. మిగిలినవన్నీ బాగున్నాయి.

మిలుతిన్ మంచిగా ఉన్న తన రెండో తొడను కొక్కెం నుంచి తీసి రదిసావ్ చేతుల్లో పెట్టాడు. రదిసావ్ వద్దనలేదు. దాన్ని భుజాన వేసుకుని, వచ్చే చలికాలం మాంసం ఎవరి దగ్గరికి తేవాలని అడిగాడు.

"ఇక్కడికే" అంది స్తనోయ్కా. "మంట దగ్గర నేనుంటా. ఈయన కట్టెలు కొడతాడు."

మిలుతిన్ అప్పటికే గడ్డపార తీసుకుని, పాడైన రెండు తొడలూ పాతడానికి గడ్డకట్టిన నేలను పొడుస్తున్నాడు.