రెండుసార్లు చెబితేనే తిరిగే కారు

ఇప్పటి కార్లు మన మాట వింటాయి. మా రోజుల్లో మనమే కారుని బతిమాలుకునేవాళ్లం. నా డిగ్రీ అయిన ఏడాది, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే మా బాబాయి తన పాత కారు మీద నాకు డ్రైవింగ్ నేర్పాడు. స్టీరింగ్ కడ్డీ చివర చిన్న పళ్లచక్రం, దానికి ఆనుకుని పళ్లున్న అడ్డపట్టీ. మనం తిప్పితే ఆ పట్టీ పక్కకి జరిగి ముందు చక్రాలను లాగుతుంది. బాబాయి కారులో ఆ పళ్లు అరిగిపోయి మధ్యలో సందు వచ్చి, పావు చుట్టు తిప్పేదాకా చక్రాలకి కబురే అందేది కాదు. అందుకని తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగ్‌ని అటూ ఇటూ ఊపుతూనే ఉండాలి. "రెండుసార్లు చెప్పాలే దానికి. ఒక్కసారి చెప్తే ఇంటాదేటి, నీలాగే," అనేవాడు. (నేను ఒక్కసారికే వింటాను, చెప్పినదాంట్లో పస ఉంటే.)

ఇంతలో ఒక మందుల కంపెనీ వాళ్లు, నెలాఖరుకి లైసెన్సు చూపిస్తేనే ఉద్యోగం అన్నారు. పరీక్షకి ఆ డొక్కు బండిలో వెళితే పరువేం కావాలని, మెట్టుగూడలో ఉండే స్నేహితురాలినీ, ఆమె కొత్త పవర్ స్టీరింగ్ కారునీ వెంటబెట్టుకు వెళ్లాను. నా మీద నమ్మకం లేక బాబాయి తన బండిలో వెనకే వచ్చాడు. "కొత్త బండే, ఓపాలి తిప్పి సూసుకో," అన్నాడు. "సూత్రం ఒకటే బాబాయ్. తిప్పే బరువులో సగం ఇంజను మోస్తుంది, అంతే. ఫిజిక్స్ చదివినదాన్ని, నాకు చెప్పకు," అన్నాను.

పరీక్ష మైదానంలో ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని తిన్నగా పొమ్మన్నాడు. అలవాటు కొద్దీ ఊపాను. ఈ కారు నా ప్రతి ఊపునీ శ్రద్ధగా పాటించింది. "ఏందమ్మా, రోడ్డు సీదా ఉంటే గిట్ల పాము లెక్క పోనిస్తున్నవ్?" అన్నాడాయన. "స్టీరింగులో సందుంటుంది కదండీ." "కొత్త బండిల సందేడిది?" "లేదని మీకెలా తెలుసు, విప్పి చూశారా?" ఈ వాదన తేలేలోపే దారికి హద్దుగా పెట్టిన డ్రమ్ము ఒకటి తగిలి పడిపోయింది. ఆయన కాగితం మీద అడ్డగీత కొట్టబోతుంటే ఉద్యోగం కళ్ల ముందే జారిపోతున్నట్టనిపించి, "నేను నేర్చుకున్న బండి అదుగో. మీరు దాన్ని పది గజాలు తిన్నగా నడపండి, తర్వాత గీత కొట్టండి," అన్నాను.

పౌరుషంగా వెళ్లి ఎక్కాడు, నేరుగా గోడ పక్క పొదలోకి పోయాడు. ఆకులు దులుపుకుంటూ దిగి, "జెర నువ్వు నడుపు, చూస్త," అన్నాడు. ఊపుకుంటూ, బతిమాలుకుంటూ ఎనిమిది ఆకారం చుట్టి, ఒక్క డ్రమ్మూ తగలకుండా తెచ్చి ఆయన కాళ్ల ముందు ఆపాను. సంతకం పెడుతూ, "కొత్త బండి ఎక్కినప్పుడు జెర చేతులు కట్టేసుకో తల్లీ," అన్నాడు.

ఇప్పుడు బాబాయి లేడు, ఆ బండీ లేదు. నాది ఒక్క వేలికే తిరిగే కారు. అయినా మారేడ్‌పల్లిలో ఖాళీ రోడ్డు కనిపిస్తే నా చేతులు సన్నగా ఊగుతాయి. "అమ్మా, రోడ్డు తిన్నగానే ఉంది," అంటుంది మా అమ్మాయి. స్టీరింగులో సందుందని వాదిస్తాను. ఆ సందు కారులో లేదని నాకు తెలుసు. ఒప్పుకోను.