వాగు అవతలి బోరు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఎండాకాలం నాకు బేతంచెర్ల వైపు భూగర్భజలాల పని అప్పగించారు. నేను ఆ శాఖలో జియాలజిస్టును, రిటైర్మెంటు దగ్గర పడుతోంది. నదిలో పైనుంచి రావాల్సిన వాటా రాక ఆ ఏడు కాలువకు నీళ్లు వదల్లేదు. కాలువ చివరి ఊళ్లన్నీ బోర్ల మీద పడ్డాయి. వాటిలో ఒక ఊరి తాగునీటి బోరు అడుగంటుతోందనీ, దానికి పక్క పొలంలోని మస్తాన్‌వలి బోరే కారణమనీ ఫిర్యాదు వచ్చింది. చేసినాయన ఆ ఊళ్లో పెద్ద రైతు శివారెడ్డి.

తాగునీటి బోరుకు రెండువందల యాభై మీటర్ల లోపు ఉన్న బోరు దాన్ని దెబ్బతీస్తోందని నేను రాస్తే తహసీల్దారు సీలు వేయిస్తారు. మస్తాన్ బోరు ఆ హద్దు లోపలే ఉంది. శివారెడ్డికి చీనీతోట ఉంది, బత్తాయి చెట్లు. దాని బోరు వాగు అవతల, చాలా దూరం. మస్తాన్‌కు ఉన్నది ఆ ఒక్క బోరు, దాని కింద ఊడలు దిగుతున్న వేరుశనగ. సీలు పడితే పైరు మాడిపోతుంది. దూరం కొలిచి రిపోర్టు పంపించెయ్యమని పైఅధికారి ఫోన్లో చెప్పారు. నాకు ఒళ్లు మండింది. బోరులో టేపు దించి నీటిమట్టం చూడకుండా రాయనన్నాను.

పరీక్ష సులువే. బోర్లన్నీ ఆపి, తాగునీటి బోరులో మట్టం నిలకడకు వచ్చేదాకా ఆగాలి. తర్వాత ఒక్కొక్క బోరే ఆడిస్తూ, నీళ్లు తగిలితే కూతపెట్టే టేపును దించి చూడాలి. చిక్కల్లా ఆటోలతోనే. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగేలా ప్రతి రైతూ స్టార్టరుకు ఆటో పెట్టుకుంటాడు. అందుకని అందరి ఫ్యూజులూ పీకించి, తాగునీటి బోరు దగ్గర ఒక గోనెపట్టా మీద పెట్టించాను. మండుటెండలో పైరుకు నీళ్లు ఆపమంటే ఎవరికి మాత్రం ఇష్టం? తిట్టుకుంటూనే తెచ్చారు.

ముందు మస్తాన్ మోటారు వేయించాను. కొలతలు గట్టిగా చదువుతున్నాను. మట్టం కదల్లేదు. జనం మీదికొచ్చారు. మిషను చెడిపోయిందని ఒకడు, సారును మస్తాన్ కొనేశాడని ఇంకొకడు. మస్తాన్ నా వెనకే నిలబడ్డాడు. నాకూ భయం వేసింది. శివారెడ్డే వాళ్లను ఆపాడు.

"మావి గూడా ఏసి చూడనీరప్పా. తేలిపోతాది."

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునే మనిషి కాదాయన. తన బోరు మీద ఆయనకు నిజంగానే అనుమానం లేదు.

మస్తాన్ ఫ్యూజు పీకించి మిగతా బోర్లు వరసగా వేయించాను, మట్టం అక్కడే ఉంది. చివరికి శివారెడ్డిది. కాసేపటికి కూత ఆగిపోయింది, అంటే మట్టం దిగింది. టేపు ఇంకా కిందికి వదిలాను. మళ్లీ కూసింది, మళ్లీ ఆగింది. నేను చదివేకొద్దీ జనం టేపు చుట్టూ చేరారు. శివారెడ్డి నా చేతిలోంచి టేపు తీసుకుని తానే దించి చూసుకున్నాడు. ఆయన మోటారు ఆపించి, ఆ ఫ్యూజునూ మళ్లీ పట్టా మీదికి తెప్పించాను.

"అంత దూరం ఉండాది గదా సార్. ఈడి నీళ్లు ఆడికెట్ల పోతాయి?"

సున్నపురాతి నేలలో నీళ్లు పగుళ్ల వెంట నడుస్తాయనీ, ఈ తాగునీటి బోరు తగిలిన పగులే వాగు కిందుగా ఆయన తోట దాకా పోతున్నట్టుందనీ, మస్తాన్ బోరుది వేరే పగులనీ చెప్పాను. మరి తన బోరుకు సీలు వేస్తారా అని అడిగాడు. హద్దు బయట ఉంది కాబట్టి చట్టం దాన్ని ముట్టుకోదని ఉన్నమాటే చెప్పాను.

మస్తాన్ తన ఫ్యూజు తీసుకున్నాడు. "ఇంగ నేను పోతా సార్, పైరు ఎండుతాండాది," అన్నాడు. శివారెడ్డి వైపు చూడలేదు. మిగతావాళ్లూ ఎవరిది వాళ్లు తీసుకుపోయారు. పట్టా మీద ఒక్కటి మిగిలింది.

"అది ఈడనే ఉండనీ సార్. వానలు పడినాక తీసుకుంటా," అని శివారెడ్డి వెళ్లిపోయాడు.

వానలు ఆలస్యంగా పడ్డాయి. ఊరికి తాగునీళ్లు దక్కాయి. చీనీతోట దక్కలేదు, చెట్లు కట్టెలకు కొట్టించాడు. ఆయనకు పరిహారం ఇప్పించే నిబంధన ఏదైనా ఉందేమోనని వెతికాను, దొరకలేదు. తప్పు లేనివాడి బోరుకు సీలు వేయించే అధికారం నా కలానికి ఉంది, ఊరి కోసం తోట వదులుకున్నవాడికి రూపాయి ఇప్పించే అధికారం లేదు. దూరం చూసి రిపోర్టు రాయకూడదనీ, కొలత ఏదైనా ఊరందరి ఎదుట గట్టిగా చదవాలనీ అక్కడ నేర్చుకున్నాను. చదివాక ఎవరి తోట ఎండుతుందన్నది మన చేతిలో ఉండదు.