పరుపుల జగ్లూల్ పెట్టిన వత్తి

ఈజిప్టులో మా పోర్ట్ సయీద్ రేవులో ఆ మధ్య తెల్లగా కమ్మేస్తే, ఫెర్రీ నడికాలువలో ఆగి గంటసేపు హారన్ కొట్టింది చూడండి, అది మంచు కాదు. మా జగ్లూల్ చేసిన చుట్టలోంచి వచ్చిన పొగ. నమ్మనివాళ్ళు ఆ రోజు ఒడ్డున లేరు. నేనున్నాను.

చుట్ట అంటే పొగాకు చుట్ట అనుకునేరు. వేప్ అనే బ్యాటరీ సిగరెట్టు లోపల వేడెక్కే తీగచుట్ట. దాని గుండా దూది వత్తి పోతుంది, వత్తి రుచులు కలిపిన రసం పీల్చుకుంటుంది, తీగ ఆ రసాన్ని ఆవిరి చేస్తుంది. అంతే విద్య. నేను చుట్టిన ఒక్కటీ ఇంతవరకూ సరిగ్గా పనిచెయ్యలేదంటే తప్పు తీగది.

జగ్లూల్ పుట్టుకతో దూదేకే మనిషి. పెళ్ళిళ్ళ ముందు ఆడపెళ్ళివారింటికి విల్లు భుజాన వేసుకుని వెళ్ళేవాడు. దూది ఏకుతుంటే ఆడవాళ్ళు పాటలు పాడేవారు, షర్బత్ తిరిగేది. కుట్టడం అయ్యాక పెళ్ళికొడుకు మేనత్త వచ్చి పరుపు మీద మోకాలు పెట్టి నొక్కేది. మోకాలు దిగబడిందా, పరుపులవాడి పరువు పోయినట్టే. జగ్లూల్ పరుపును నొక్కిన ఒక మేనత్త ఎగిరి ఎదురింటి బాల్కనీలో పడిందని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే.

తర్వాత స్పాంజి పరుపులు వచ్చాయి. విల్లు గోడకెక్కింది. చేతులు ఖాళీగా ఉండలేక ఇంట్లో దిండ్లన్నీ విప్పి, ఏకి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. అవి అయిపోతే మళ్ళీ మొదటి దిండు.

"ఇక మిగిలింది నేనే. నన్నూ విప్పి కుడతావా?" అంది భార్య ఇహ్సాన్.

అలాంటి రోజుల్లో నెవీన్ అతన్ని పిలిచింది. మా వీధిలో వేప్ కొట్టు ఆవిడదే. పొట్లాల్లో వచ్చే విదేశీ దూది కస్టమ్స్‌లో ఇరుక్కుపోయింది. జగ్లూల్ పొడుగు పోగుల దూది తెచ్చి, జిడ్డు పోయేలా ఉడకబెట్టి, మేడ మీద ఆరబెట్టి ఇచ్చాడు. అతని వేళ్ళు దూదిని దువ్వే తీరు చూసి నెవీన్ కళ్ళు కొట్టు మూలనున్న కుర్చీ మీదకు పోయాయి. చుట్టలు చుట్టే కుర్రాడు హుర్గదా ఊరికి వెళ్ళిపోయి ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

"ఉస్తా జగ్లూల్, రయ్యిస్ బద్రావీని మెప్పించావంటే ఆ కుర్చీ నీది. లేదంటే దూది అమ్ముకుని వెళ్ళిపో" అంది. ఉస్తా అంటే మా దగ్గర చేతిపని తెలిసిన మేస్త్రీ.

జగ్లూల్ కుర్చీని చూసిన చూపు నేను చూశాను. ఆకలిగా ఉన్నవాడు అన్నం పళ్ళేన్ని చూసినట్టు చూశాడు.

బద్రావీ టగ్‌బోటు కెప్టెన్, అందుకే రయ్యిస్ అంటాం. హుక్కా మానేసి వేప్‌కి మారాడు గాని, హుక్కా దమ్ము మానలేదు. ఆయన పీలిస్తే కొట్టు షట్టరు లోపలికి వంగుతుంది. అంత పొడుగు దమ్ముకి ఎవరు పెట్టిన వత్తయినా మాడిపోయేది.

రెండు తీగలు పేనిన లావు చుట్ట చుట్టడం జగ్లూల్ ఒక్క పూటలో పట్టేశాడు. అందులో దూది కూరాడు, కూరాడు, ఇంకా కూరాడు. బద్రావీ ఒక్క దమ్ము లాగి కళ్ళ నీళ్ళతో దగ్గాడు.

"ఇదేంటయ్యా, పరుపు కాల్చి నోట్లో పెట్టావా?"

"బిగువు చూడండి రయ్యిస్! పోగు కదిలితే అడగండి."

"దాని మీద నేను పడుకోవాలా ఏంటి?"

రెండోసారి వదులుగా పెట్టాడు. లోపల గుడగుడమంది, రసం నాలుక మీదకి కారింది.

"నూనె పుక్కిలిస్తున్నట్టుంది" అని ఉమ్మేశాడు బద్రావీ.

నెవీన్ మొహం తిప్పుకుంది. "రేపు సాయంత్రం రయ్యిస్ డ్యూటీకి వెళ్ళేలోపు కుదరాలి ఉస్తా. ఆ కుర్చీ కోసం కాలువ అవతల పోర్ట్ ఫువాద్ నుంచి ఇంకొకతను అడుగుతున్నాడు."

ఆ సాయంత్రం జగ్లూల్‌ని ఓదార్చడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఇహ్సాన్ చేపలు వేయిస్తోందన్న సంగతికీ దానికీ సంబంధం లేదు. మేడ మీద వత్తుల కిరసనాయిలు పొయ్యి ముందు కూర్చుని ఆవిడ కథంతా విని నవ్వింది.

"ఈ పొయ్యికీ అదే చేశావుగా! కొత్త వత్తులు గొట్టాల్లో గుద్ది గుద్ది కూరావు. కిరసనాయిలు పైకెక్కక వత్తే కాలింది. ఎన్నాళ్ళు మసి వాసన చేపలు తిన్నాం? అదేమంటే బిగువుగా ఉందన్నావు."

"వదులుగా పెడితే కారుతోందే!"

"గొట్టంలో పట్టు ఉండాలి, కింద తోకలు వదులుగా ఉండాలి. అది వత్తయ్యా మగడా! దాని మీద మోకాలు పెట్టడానికి ఏ మేనత్తా రాదు."

జగ్లూల్ చేతిలో చేప ముక్క చల్లారిపోయింది. నాది చల్లారలేదు, తినేశాను.

మర్నాడు దూది ఉండ చుట్టలేదు. పోగులన్నీ ఒకే వైపు పారేలా దువ్వాడు. చుట్టలోంచి లాగితే తీగ కొంచెం కదిలీ కదలనట్టు ఉండేంత పట్టు మాత్రం ఉంచాడు. బయటికొచ్చిన తోకల్ని దువ్వెనతో పలచన చేసి, ఏటవాలుగా కత్తిరించి, రసం నిలిచే గుంటకు ఆనీ ఆననట్టు వదిలాడు. లావు చుట్ట కూడా తీసేశాడు. అది వేడెక్కడానికి ఆలస్యం, ఎక్కాక చల్లారడానికి ఇంకా ఆలస్యం, ఈలోపు దూది ఎండి మాడుతుంది. సన్నతీగతో, లోపలి బెజ్జం వెడల్పుగా, తక్కువ చుట్లతో కొత్తది చేశాడు. దూదికి చోటు పెరిగింది, తీగ చప్పున వేడెక్కింది. సన్నతీగ ఆలోచన నాదే. జగ్లూల్ ఒప్పుకోడు.

సాయంత్రం బద్రావీ కొట్టుకొచ్చి నిలబడే దమ్ము లాగాడు. షట్టరు వంగింది. మేమెవ్వరం ఊపిరి తీసుకోలేదు, ఆయన మాకు మిగల్చనూ లేదు. పొగ వదిలాడు. ఎదురుగా ఉన్న నెవీన్ కనబడలేదు.

"మామిడి" అన్నాడు పొగలోంచి.

"ఏంటి రయ్యిస్?" అన్నాడు జగ్లూల్, పొగను చేత్తో తోస్తూ.

"మామిడి రుచి తెలుస్తోందయ్యా! ఇన్నాళ్ళూ సీసా మీద బొమ్మ చూసి నమ్మాను."

మళ్ళీ లాగాడు. మాడలేదు. ఇంకోసారి లాగాడు. కారలేదు. పొగ విడిపోయేసరికి నెవీన్ కుర్చీని కాలితో జగ్లూల్ వైపు తోస్తోంది. ఆ చుట్టతోనే రయ్యిస్ టగ్‌బోటెక్కాడు, ఫెర్రీ హారన్ సంగతి ముందే చెప్పాను.

మర్నాడు పొద్దున్నే అతను మెట్లు దిగుతుంటే ఇహ్సాన్ బాల్కనీలోంచి బుట్టకు తాడు కట్టి, చిక్కుడు గింజల కూర పెట్టిన ఫూల్ రొట్టెలు దింపింది. వీధంతా వినబడేలా అరిచింది: "త్వరగా నడవవయ్యా! పనికి ఆలస్యమైతే నెవీన్ ఊరుకుంటుందా?"

జగ్లూల్ రొట్టెలు చంకన పెట్టుకుని, ఆగి చెప్పు సర్దుకున్నాడు. నాలుగడుగులేసి మళ్ళీ సర్దుకున్నాడు. ఆవిడ ఇంకా గట్టిగా తిట్టింది. పనికి ఆలస్యమవుతోందన్న తిట్టు వీధి చివరిదాకా వినబడాలని, అతను ఎంత నెమ్మదిగా నడవవచ్చో అంత నెమ్మదిగా నడిచాడు.