బీర మొగ్గల బతుకమ్మ

కలుపు తీసి పంట పండించిన రైతులు ఎందరో ఉన్నారు. కలుపు తీసి, తోడబుట్టినదాన్ని ఏడిపించి, వాడకట్టు మొత్తానికి నవ్వులపాలైనవాణ్ణి మాత్రం మా ఊళ్లో నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా సాధించానో వినండి.

చౌటుప్పల్ దగ్గర మాకు ఎకరం చెలక. మందులు కొట్టకుండా, పెంట ఎరువుతో కూరగాయలు పండిస్తాం. అప్పట్లో నాకు చెలక కంటే గ్రంథాలయం మీద మోజెక్కువ. వారానికో పుస్తకం చదివి, అందులో ఉన్నదంతా అమ్మకు వడ్డించేవాణ్ణి. పాపం, ఆమె అరిగించుకునేది.

ఆ ఏడు వానలు వెనక్కి తగ్గాయి. బెండ ముదిరింది. తెల్లవారుజామున మంచు పడుతోంది. ఇక పాలకూరకు, మెంతికి మళ్లు సిద్ధం చేయాలి. కలుపును కోసి మట్టిలో కలిపితే భూమికి బలమని పుస్తకంలో ఉంది. చూస్తే బెండ సాళ్ల నిండా నడుమెత్తు గునుగు, తెల్లటి కుచ్చులతో నావైపు తలలూపుతోంది. గునుగు పువ్వని నాకు తెలియదా? తెలుసు. కానీ కళ్లకు పుస్తకం అడ్డం పడితే పువ్వు కూడా కలుపే. పొద్దు నడినెత్తికొచ్చేసరికి చెలకకు గుండు కొట్టించినట్టయింది. అంతా నరికి, మట్టిలో తొక్కి, నీళ్లు పెట్టి, మీసం దువ్వుకుంటూ ఇల్లు చేరాను.

మరునాడు సద్దుల బతుకమ్మ, గునుగు, తంగేడు పూలను గోపురంలా పేర్చి ఆడే పండుగకు ఆఖరి రోజు. ఈ సంగతి ఏ వ్యవసాయ పుస్తకంలోనూ లేదు.

పొద్దున్నే కోస్గి నుంచి మా చెల్లె స్వరూప దిగింది. పెళ్లయ్యాక తనకు ఇదే మొదటి బతుకమ్మ.

"అన్నా, బెండ సాళ్లల్ల గునుగు మస్తు పూసిందట గదా! పూలకు అద్దెటందుకు రంగు పొట్లాలు గూడ తెచ్చిన."

"గునుగా? నిన్ననే కోసిన."

"మా మంచి అన్న! యాడ పెట్టినవ్?"

"మట్టిల."

"మట్టిల ఏంది?"

"భూమికి బలమని... జర నరికి... తొక్కిన."

చేతిలోని రంగు పొట్లాలు గడప మీద పెట్టేసింది. "మా అన్న చెలకల పూసిన పూలతోని నా అంతెత్తు పేరుస్తనని అత్తగారింట్ల అందరికీ చెప్పొచ్చిన," అంటూ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అమ్మ అందుకుంది: "చదవేస్తే ఉన్న మతి పోయిందంటరు. నీకు ఉన్న పూలు గూడ పోయినయ్ గదరా!"

పూల కోసం బండి తీశాను. పక్క చెలకల్లో కలుపు మందు కొట్టారు. రోడ్డు పక్క జాగాలన్నీ ప్లాట్లయి, తంగేడు ఉండాల్సిన చోట హద్దురాళ్లు మొలిచాయి. బజారులో మిగిలినవి వాడిన బంతిపూలు. తిరిగి తిరిగి మా బీర పందిరి కిందే తల పట్టుకుని కూలబడ్డాను. తలెత్తితే పందిరి నిండా మొగ్గలు! సగం చదివి మూసిన పుస్తకం గుర్తొచ్చింది: బీరలో మగ పువ్వులకు కాయలు రావు. అంటే మగ మొగ్గలన్నీ తెంపినా మనకు పోయేదేముంది? ఒక్కటీ మిగల్చకుండా గుత్తులకు గుత్తులు దూసి గంపకెత్తాను.

"గివి మొగ్గలా, పచ్చి మిరపకాయలా?" అంది స్వరూప. అయినా కళ్లు తుడుచుకుని, తాంబాళంలో గుమ్మడాకు పరిచి పేర్చింది.

సాయంత్రం వాడకట్టు ఆడవాళ్లు చూసి ఊరుకుంటారా?

"ఏం స్వరూపా, మీ బతుకమ్మ ఇంక నిద్ర లేవలేదా?"

చెల్లె తల వంచుకుని, పాటెత్తుకుని చప్పట్లలో కలిసింది. నేను గోడ చాటుకు నక్కాను. పొద్దు గూకింది. బీర పువ్వు విచ్చుకునే వేళ అదే. ముందు ఒకటి విచ్చింది, తర్వాత నాలుగు. చూస్తుండగానే బతుకమ్మ నిలువెల్లా పసుపు పూసుకుంది. చప్పట్లు ఆగిపోయాయి.

పక్కింటి అవ్వ ముక్కున వేలేసుకుంది. "ఓ పిల్లా, నీ పాట ఇని తల్లి కండ్లు తెరిసిందే!"

స్వరూప ఫోన్ తీసి అత్తగారింటికి చూపించింది. "చూడుండ్రి, మా అన్న చెలకల పూసినయ్!" గోడ చాటున నాకు కంట్లో ఏదో పడింది.

ఇక్కడితో ఆగితే నేను మహా పండితుణ్ణే. కానీ తర్వాతి రోజుల్లో బీర పందిరి మీద ఆడ పువ్వులు పూసి, చూసి చూసి, పుప్పొడి అందక పిందెలతో సహా పండి రాలిపోయాయి. తీగ చలికి ముడుచుకుంది, మళ్లీ మొగ్గ వేయలేదు. అంగడి రోజు వాడుకగా కొనే ఒకావిడ "బీరకాయలేవీ?" అని అడిగితే అమ్మ నావైపు చూసింది.

"ఏం చెప్పాలె బిడ్డా! పెండ్లికొడుకులందర్నీ మావోడు బతుకమ్మకెక్కించిండు. ఇంక కాయలెట్ల కాస్తయి?"

ఈ మాట ఫోన్‌లో విని స్వరూప నవ్విన నవ్వు కోస్గి అంతా వినిపించి ఉంటుంది.

అందుకే కొడవలి మీద చేయి వేసి ఒట్టేస్తున్నాను: ఇకమీదట ఏ పుస్తకాన్నీ సగంలో మూసి చెలకకు పోను. మా ఇంటి ఆడబిడ్డ వచ్చి తెంపుకునేదాకా మా గట్ల మీద మొలిచిందేదీ కలుపు కాదు.