తాళం వేసిన మెరక దారి

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది నన్ను విశాఖ కలెక్టరేట్‌లో విపత్తుల నిర్వహణ విభాగానికి డిప్యూటీ తహసీల్దారుగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టింగ్. అక్కడి పనుల్లో సునామీ మాక్ డ్రిల్ ఒకటి. సముద్రం అడుగున పెద్ద భూకంపం వచ్చిందనుకుని సైరన్ మోగిస్తారు. తీరంలో ఉన్న అందరూ మెరక మీదికి చేరాలి. ఎక్కడ ఆలస్యమైందో చూసేవాళ్లను పరిశీలకులంటారు. ఆ రోజు నేనొక పరిశీలకురాలిని.

నాకు అప్పగించింది ఒక మత్స్యకార కాలనీ. దాని వెనక వాలు, పైన స్కూలు, మధ్యలో ఒక అపార్ట్‌మెంటు. దాని పక్కగా కాలనీ నుంచి స్కూలుకు ఎక్కే పాత నడకదారి ఉంది. చేపల బుట్టలు అటు రావడం నచ్చక, అపార్ట్‌మెంటు వాళ్లు ఈమధ్యే గేటు పెట్టి తాళం వేశారు.

ఉదయం సైరన్ మోగగానే కాలనీ అంతా తిరనాళ్లకు వెళ్తున్నట్టు బయల్దేరింది. నడవలేని ముసలివాళ్లను ప్లాస్టిక్ కుర్చీల్లో మోసుకొచ్చారు. గేటు దగ్గర అందరూ ఆగిపోయారు.

"ఏ ఫ్లాట్‌కండీ?" అన్నాడు లోపలున్న వాచ్‌మన్.

ముందు నిలబడ్డ చేపలమ్మే నూకాలమ్మ, "ఎనకాల సముద్రం ఒత్తంది బావూ. ఏ ఫ్లాటో దాన్నే అడుగు" అంది. అందరూ గొల్లుమన్నారు.

ఇంతలో బీచ్‌లో వాకింగ్‌కు వెళ్లిన అసోసియేషన్ ప్రెసిడెంటు, ఆయన భార్య ఆయాసపడుతూ ఆ గుంపులోకే వచ్చి చేరారు. సైరన్ వాళ్లకూ వినబడింది మరి. తాళం తియ్యమని ఆయన కేకేశారు.

"తాళంచెవి మీ ఇంట్లోనే ఉంది కదండీ. ఎవులికీ ఇవ్వద్దని మీరే అట్టుకెల్లిపోనారు" అన్నాడు వాచ్‌మన్.

ఆయన జేబులోంచి ఇంటి తాళాలు తీసి ఊచల మధ్య నుంచి అందించారు. వాచ్‌మన్ పై అంతస్తుకు పరిగెత్తి తిరిగొచ్చేసరికి, డ్రిల్ లెక్కలో అల వచ్చేసింది. గేటుకు ఇవతల ఉన్నవాళ్లంతా మునిగిపోయినట్టే లెక్క అని ప్రకటించాను. అది నా విధి.

"అయితే నాను సచ్చిపోనానా? మరి ఇయ్యాల సేపలెవులమ్ముతారు?" అని నూకాలమ్మ పకపకా నవ్వింది.

ప్రెసిడెంటు నవ్వలేదు. భార్య వైపు చూసి, "మేమిద్దరం కూడానా అండీ?" అని అడిగారు.

"మీరూ అంతే సార్" అన్నాను.

ఆ వారంలోనే మీటింగు పెట్టి, అభ్యంతరం చెప్పిన వాళ్లను ఆయనే ఒప్పించి, తాళం తీయించారు. దాని బదులు ఎటునుంచైనా తీసుకోగలిగే గడియ బిగించారు. తర్వాత నూకాలమ్మకు ఆ అపార్ట్‌మెంటులోనే మంచి బేరాలు కుదిరాయి.

నేను రిటైరయ్యే ముందు ఒక మధ్యాహ్నం నిజంగానే భూమి కాసేపు కంపించింది. సైరన్ కోసం ఎదురుచూడకుండా కాలనీ వాళ్లు ఆ దారినే స్కూలుకు చేరారు. అపార్ట్‌మెంటు వాళ్లు మంచినీళ్ల క్యాన్లు మోసుకెళ్లారు. సముద్రం పొంగలేదు. ప్రమాదం లేదని కబురు రాగానే అందరూ కబుర్లాడుకుంటూ దిగిపోయారు.

భూకంపం ఎప్పుడొస్తుందో చెప్పడం మా విభాగం వల్ల కాదు, దాన్ని ఆపడమూ కాదు. వచ్చినప్పుడు ఎంతమంది బతుకుతారన్నది మాత్రం చాలావరకు ఇళ్లు ఎక్కడ కట్టాం, దారులు ఎవరికి వదిలాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. అవి మనుషుల నిర్ణయాలు. వాటిని మార్చుకోవచ్చని ఆ పోస్టింగ్‌లో నేర్చుకున్నాను.