కాజాలక్క చిరునామా

టైలరు షాపులో కాజాలు తీసే ఆమెను అందరూ కాజాలక్క అనేవారు. "నువ్వు కాజా తీస్తే గుండీ తనే వచ్చి దూరుతుందమ్మా" అని షాపు మాస్టరు నవ్వుతూ మెచ్చుకునేవాడు. షాపు పైనున్న ఒంటి గదిలో, రెండో తరగతి చదివే కూతురితో ఉండేది. మొగుడు చెయ్యి విరగ్గొట్టిన మర్నాడే పిల్లను తీసుకుని వచ్చేసింది. ఊరు మార్చింది, ఫోను నంబరు మార్చింది. ఎక్కడున్నదీ పుట్టింటికి కూడా చెప్పలేదు; వాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు.

ఊరంతా రోగం పాకాక, ఆరోగ్యశాఖ యాప్ లేనివాళ్లను పనిలో ఉంచుకోవద్దన్నారు. ఆ యాప్, గుర్తింపు కార్డు నంబరుతో పాటు ఉంటున్న చిరునామా కూడా అడిగింది. ఆమె రెండు రోజులు నాన్చింది. పని మానుకుంటే పిల్లకు పెట్టేదేమిటి? చివరికి నింపింది.

వానలు పట్టాక జ్వరం వచ్చింది. పరీక్షలో ఆమెకు రోగం ఉందన్నారు, పిల్లకు లేదన్నారు. గదికి అడ్డంగా చీర కట్టి పిల్లను అవతల పడుకోబెట్టింది. యాప్ అడిగినప్పుడల్లా ఫోటో తీసి పంపాలి. పంపకపోయినా, ఫోను గడప దాటినా పోలీసులు వస్తారు.

ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

"జ్వరం తగ్గిందా?"

ఆ గొంతు వినగానే ఆమె వెళ్లి తలుపు గడియ వేసింది. మొగుడు తాపీగానే చెప్పాడు. "ఆరోగ్యశాఖ వాళ్లు నీ నంబరు, చిరునామా ఇచ్చి మెసేజ్ పెట్టారు, నా భార్య అక్కడుంది, కనిపెట్టుకుని ఉండమని. కార్డులో ఇంటి పెద్దని నేనేగా. బయల్దేరాను."

ఆమె వెంటనే సహాయకేంద్రానికి ఫోను చేసింది. అవతలి అమ్మాయి అంతా విని అయ్యో అంది గానీ, ఇంటి పెద్ద పేరు మార్చే వీలు తన దగ్గర లేదంది. ఇల్లు మాత్రం కదలొద్దంది. పోలీస్ స్టేషన్‌లో, మొగుడూ పెళ్లాల గొడవలు రోగం తగ్గాక చూద్దామన్నారు. ఉంటే అతను, కదిలితే వాళ్లు. అడకత్తెరలో పోకచెక్కలా అయింది ఆమె బతుకు.

కిటికీలోంచి మాస్టరు భార్యను పిలిచి సంగతి చెప్పింది. మాస్టరు తల్లి ఆయాసం మనిషి కావడంతో, ఆవిడ ఇంట్లోకి రమ్మనలేకపోయింది. ఆమెకు రోగమని తేలాక మూసేసిన షాపు తాళంచెవి మెట్టు మీద పెట్టి వెళ్లింది. కాజాలక్క ఫోను దిండు మీద వదిలేసి, పిల్లతో కిందికి దిగి, కత్తిరింపు బల్ల కింద దూరింది.

కాసేపటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. పైన తలుపు దబదబ బాదుతున్నారు. గదిలో ఫోను ఫోటో కోసం మోగి మోగి ఆగింది. తర్వాత పోలీసు బండి వచ్చింది.

"అమ్మా, దగ్గకే" అని పిల్ల గుసగుసగా అంటూ, తల్లి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టింది. దగ్గు ఆగలేదు.

వాళ్లను బయటికి తీశారు. తనను కొట్టేది ఇతనేనని కాజాలక్క చెప్పింది. కానిస్టేబులు చేతిలో ఫోను చూసుకున్నాడు.

"ఇందులో భర్త అనే ఉందమ్మా."

నిబంధన మీరిందని కేసు రాసి, ఆమెను రోగుల కేంద్రానికి తీసుకుపోతామన్నారు. రోగం లేని పిల్లను అక్కడికి రానివ్వరు, అయినవాళ్లకు అప్పగించాలి. పిల్ల ఆమె చీర పట్టుకుని ఏడ్చింది. తన రోగం ఎక్కడ అంటుకుంటుందోనని ఆమె దాన్ని దగ్గరికి తీసుకోలేక, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడిపోయింది. తండ్రి వచ్చి పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు.

ఆమెకు నయమైంది. పిల్ల కోసం కోర్టుకు వెళ్లేసరికి అతను ఇల్లు ఖాళీ చేశాడు. అతని కొత్త చిరునామా చెప్పమని ఆరోగ్యశాఖను అడిగితే, ఒకరి వివరాలు మరొకరికి ఇవ్వకూడదన్నారు. కేసు వాయిదాలు పడుతూనే ఉంది. షాపుకు సెలవైన మంగళవారాల్లో ఆమె బస్సెక్కి అతను అంతకుముందున్న ఊరు వెళ్తుంది. బళ్లు విడిచే వేళకు ఒక్కోసారి ఒక్కో బడి గేటు దగ్గర నిలబడి, బయటికి వచ్చే ఆడపిల్లల మొహాలు చూస్తుంది.