చూరుకు కొట్టిన మందు

ఈస్టరు ముందటి శనివారం, పొద్దున పదకొండు గంటలు. నా మనవరాలు బ్లెస్సీకి అప్పుడు మూడేళ్లు. ఇప్పుడు కాలేజీకి పోతోంది. ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇది చదివే నీకు చెబుతున్నాను.

మాది వేంపల్లె దగ్గర పల్లె. చీనీ తోట ఉంది, బత్తాయిని మేం చీనీ అంటాం. ఆ రోజు చెట్లకు నల్లి మందు కొట్టి, ట్యాంకు వీపున ఉండగానే ఇంటికొచ్చాను. అడుగున ఇంకా మందు మిగిలింది. మా వైపు మిగిలిన మందును ఎవరూ పారబోయరు. గట్టు మీద గడ్డికో, కొట్టంలో ఈగలకో కొట్టేస్తారు. తలెత్తి వసారా చూరు చూశాను. మూలమూలకూ సాలెగూళ్లు. ముందురోజే మా కోడలు ఎస్తేరు పొడుగు కట్టెకు చీపురు కట్టి అంతా దులిపింది. ఆమె తలనిండా బూజు పడితే చూసి నవ్వాను కూడా. తెల్లారేసరికి సాలెపురుగులు మళ్లీ అల్లేశాయి. సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. సంఘపెద్ద ఇంట్లో బూజు వేలాడుతోందని ఎవరైనా అంటారేమోనని నా భయం. ఆడవాళ్లు పెరట్లో వంట పనిలో ఉన్నారు. వసారా పొడుగునా కొట్టేశాను. పురుగులు కాళ్లు ముడుచుకుని రాలాయి. చిమ్మేశాను. చూరు కింద నులక మంచం ఉంది. దాని మీద ఎంత కారిందో చూడలేదు. నిజంగా చూడలేదా? తడిసిన నులక కనిపించినట్టే గుర్తు. ఎండకు ఆరిపోతుందిలే అనుకున్నట్టు కూడా గుర్తు. వాసన వస్తే, నా బట్టలదే అనుకున్నారు.

మధ్యాహ్నం, పండక్కి వచ్చిన నా కూతురు సుగుణ తన బిడ్డ బ్లెస్సీని చొక్కా విప్పి ఆ మంచం మీద పడుకోబెట్టింది. లేచేసరికి వీపంతా పొక్కులు. ఒకటే ఏడుపు. పక్కింటి ఖాసింబీ వచ్చి చూసి, సాలెపురుగు ఉచ్చ పోసిందని చెప్పింది. ఒంటి మీద పొక్కులు లేస్తే మా దగ్గర అందరూ అనే మాటే అది. ఆ మాట వినగానే నా గుండె కుదుటపడింది. రాయడానికి సిగ్గుగా ఉంది. బిడ్డ ఏడుస్తుంటే నాకు ఊరట కలిగింది.

నా భార్య శాంతమ్మ కోడలి మీద లేచింది. చూరు దులిపే తీరిక కూడా లేని రాణి మా ఇంట్లో పడిందని దెప్పింది. ఎస్తేరు నా వైపు తిరిగింది.

"నిన్న దులిపినా గదా మామా. నా నెత్తిన బూజు చూసి నువ్వే నగితివి."

"నేను చూల్యా," అన్నాను. "యాడ దులిపినావో ఏమో."

ఆమె నన్ను చూసింది. అప్పుడే తోట నుంచి వచ్చిన నా కొడుకు దానియేలు తండ్రి మాటే నమ్మాడు, పెళ్లాం మాట నమ్మలేదు.

పసుపు, వేపాకు నూరి పూశారు. ముందు సబ్బుతో ఒళ్లు కడగాలని నాకు తెలుసు, మందు కొట్టి వచ్చి నేను చేసేది అదే. ఆ మాట అంటే ఎందుకని అడుగుతారు. అనలేదు. సాయంత్రం కూటంలో నేనే నిలబడి, పురుగు విషం నుంచి బిడ్డను కాపాడమని ప్రార్థన చేశాను. దేవునికి కూడా సాలెపురుగనే చెప్పాను. రాత్రికి బిడ్డకు జ్వరం వచ్చి ముదిరింది. తెల్లారి, ఈస్టరు ఆరాధన మాని, పులివెందులలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఏదైనా మందు తగిలిందా అని డాక్టరు అడిగాడు. అందరికంటే ముందు నేనే లేదన్నాను. ఆయన పురుగు విషానికే వైద్యం చేశాడు. బిడ్డ బతికింది. వీపున మచ్చ మిగిలింది.

ఎందుకు చెప్పలేదు? పెద్దరికం పోతుందనా? కూతురు దూరమవుతుందనా? కూతురు దూరం కాలేదు గానీ, వదిన ఎస్తేరు చేతికి బిడ్డను మళ్లీ ఎప్పుడూ ఇవ్వలేదు. అది చూస్తూ కూడా నోరు తెరవలేదంటే, మొదటి రోజు భయం అనుకోవచ్చు, తర్వాతి రోజులన్నిటికీ ఏ పేరు పెట్టాలి? యాభై దాటాక చర్చిలో రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. పాటలు రాసుకున్నాను, వాక్యాలు రాసుకున్నాను. ఇది మాత్రం రాయలేదు.

ఆ రోజు నుంచి ఎస్తేరు పొద్దున లేస్తూనే ముందు చూరు దులుపుతుంది. కాన్పయిన నెలలో కూడా దులిపింది. శాంతమ్మ పోయే వరకూ ఆమెను నమ్మలేదు. ఇప్పుడు నాకు అన్నం పెట్టేది ఎస్తేరే. చూరుకు చీపురు తగిలే చప్పుడుకే నాకు మెలకువ వస్తుంది. అయినా కళ్లు మూసుకునే పడుకుంటాను.

ఆమెకు ముఖాన చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. క్షమించమని నిన్ను అడగను, క్షమించాల్సింది నువ్వు కాదు. ఇంత మాత్రం రాయగలిగాను. అంతే.

నా పేరు రాయను. కానీ ఆ రోజు వసారాలో ఉన్నవాళ్ల పేర్లు దాచను. అవి చదివితే నేనెవరో మా పల్లెలో చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. తెలియనీ. శాంతమ్మ. దానియేలు. సుగుణ. ఖాసింబీ. బ్లెస్సీ. ముందురోజే చూరు దులిపిన ఎస్తేరు. నేను.